ఇరవై మూడు కిలోల లోపు

షార్జా, పదమూడో ఇండస్ట్రియల్ ఏరియా.
రాత్రి షిఫ్టులో రోస్టర్ తలుపు తెరిచిన మొదటిసారి
ఆ వాసన నా చొక్కా పట్టుకుని అడిగింది:
నన్ను ఎరగవా?

ఎరగను.
చింతలపూడి అవతల, కొబ్బరి నీడలో,
మొదలు మీదే కాసే కాయని కత్తి వెనకతో కొట్టి
తెల్లటి గుజ్జు చప్పరించి గింజ ఉమ్మినవాణ్ణి.
అరటాకు కప్పిన పెట్టెలో ఆరు రోజులు పులిసే
ఆ కల్లుకంపు తెలుసు.
పట్టాల మీద పోసి కాలివేళ్లతో తిరగేయడం తెలుసు.
ఉడతలు తెలుసు. కాటా తెలుసు.
కాటా దగ్గర షావుకారు గింజని గోటితో చీరి
"తేమ ఉందయ్యా" అనడం తెలుసు.
ఆ తరవాత లారీ.
లారీ తరవాతది మా కథ కాదు.

ఎఫువాది ఘానా. ల్యాబులో గింజలు కోసి చూసే పని.
బస్తా మీద నల్లరంగుతో వాళ్ల దేశం పేరు.
ఒకసారి దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది
బస్టాండులో సొంతూరి బోర్డు కనబడ్డట్టు.
"మా నాన్న నలభై ఏళ్లు పండించాడు" అంది,
నాలుగు భాషలు కలిపిన మా కిచిడీలో.
"చాక్లెట్ ఒక్కసారే తిన్నాడు.
ఇందులో మన గింజ ఎక్కడుందే అన్నాడు."

ఆమె దగ్గరో చిన్న నోటుబుక్కు.
ఉత్తరాలు రాసుకుంటోందనుకున్నాను.
ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు,
పొట్టు ఏ చప్పుడుతో చిట్లుతుంది.
దొంగలెక్క కాదు, అడిగి రాసుకున్నదే.
సూపర్వైజరు నవ్వుతూ చెప్పాడట:
రాసుకో, రాసుకో. ఇంత మిషను ఎక్కడ కొంటావు?

ఆ మాట విన్నప్పుడే
మా రూములో గ్రైండరు గుర్తొచ్చింది.
రోలా బజారులో కొన్నాం, పేరులోనే రోలుంది.
ఎనిమిదిమంది చందా. రెండు రాళ్లు, ఒక బెల్టు,
శుక్రవారం దోసెలు.

ఆ శుక్రవారం దోసెలు లేవు.
డాబా మీద పెనంలో వేయించి,
చేట లేక అట్టముక్కతో చెరిగి,
గింజలు పోసి తిప్పాం.
గంటకి ఇసుక.
నాలుగు గంటలకి బురద.
కొవ్వు వదలక రాయి బిగుసుకుంటే
కింది రూము ఏసోబు జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చి
బాలింతకి సాంబ్రాణి పట్టినట్టు
రాయి చుట్టూ వెచ్చగా తిప్పాడు.
అప్పుడు జారింది.
చెరువులోంచి లేచిన గేదె వీపులా
నల్లగా, నిగనిగా.

చేదు. పళ్ల కింద పలుకు.
మావాళ్లు తిట్టారు.
తిట్టి, మళ్లీ వేలు ముంచారు.
తరవాతి వారం ఇడ్లీలు గోధుమరంగులో వచ్చాయి.
మూడు వారాలు అలిగి, గ్రైండరు వాళ్లే ఇచ్చేశారు:
పట్టుకుపో తల్లీ, దీనికిక మినప్పప్పు రుచి పట్టదు.

విమానం వాళ్లు ఇచ్చింది ఇరవై మూడు కిలోలు.
గ్రైండరే పద్దెనిమిది.
మూడు జతల బట్టలు ఒంటిమీదే వేసుకుంది,
జూలై ఎండలో.
రాళ్లు చేతిసంచిలో.
ఇవేంటని ఎయిర్‌పోర్టులో పోలీసు అడిగితే
"మా ఊరి ఫ్యాక్టరీ" అందట.

రెండు నెలలకి ఓ వాయిస్ మెసేజ్.
మాటల్లేవు. గుర్‌ర్‌ మంటూ రాళ్లు.
మధ్యలో కరెంటు పోయిన నిశ్శబ్దం,
ఎవరో పిల్ల నవ్వు, ఓ కోడి,
మళ్లీ రాళ్లు.
మూడుసార్లు విన్నాను.
వాసన మాత్రం ఫోనులో రాదు.

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను.
"ఈ కాపులో ఒక బస్తా అమ్మకు" అన్నాను.
లైను బాలేదు.
వాడు బస్తా మోసుకెళ్లి
అమ్మకు ఇచ్చాడు.
ఆవిడ దాన్ని రోజూ నీడలోంచి ఎండకి,
ఎండలోంచి నీడకి మారుస్తోందట.
షావుకారు రెండుసార్లు వచ్చాడట.
"మా పెద్దాడు నాకిచ్చింది, నీకెందుకిస్తాను?" అందట.

నా సెలవు మార్చిలో.
కొత్త గ్రైండరు చందాకి
ఇంకా ముగ్గురు ఇవ్వాలి.